గుర్రాల వీర్యం నిల్వ: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

ఈ నెల మా శీర్షికకు చేరిన ఉత్తరాలలో గుర్రాలను పెంచుతున్నవారు రాసినవే ఎక్కువ. ఊరూరా ఆవులకు, గేదెలకు సులువుగా దొరికే వీర్యపు స్ట్రా (గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టం) గుర్రానికి ఎందుకు దొరకదు, దొరికినా ఎందుకు నిలవదు అన్నదే వారిలో చాలామంది సందేహం. వాటిలో ఆరు ఉత్తరాలను ఎంచుకుని జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా దగ్గర పద్నాలుగేళ్ల మార్వాడీ మగగుర్రం ఉంది. దాని నడక, మెడ తీరు, చెవుల వంపు చూసి పక్క జిల్లాల వారు కూడా ఆడగుర్రాలను దాటించడానికి తెస్తుంటారు. వయసు మీద పడకముందే దాని వీర్యాన్ని నిల్వ చేయించాలని ఉంది. కరీంనగర్‌లో ఆబోతుల వీర్యం నిల్వ చేసే కేంద్రం ఉంది కదా, అక్కడికి తీసుకువెళితే మా గుర్రానికీ ఆ పని చేసిపెడతారా?
— చేవెళ్ల ప్రాంతం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కరీంనగర్, నంద్యాల వంటి కేంద్రాలు ఆబోతులు, దున్నపోతుల కోసం ఏర్పడినవి కాబట్టి అక్కడ మీ పని జరగదు. పరికరాలలో చాలావరకు ఒకటే అయినా, ఆబోతు వీర్యానికి కుదిరిన పద్ధతిని గుర్రానికి ఉన్నదున్నట్టుగా వాడితే కరిగించిన తర్వాత సూక్ష్మదర్శిని కింద కదలని కణాలే ఎక్కువగా కనబడతాయి.

ఈ తేడా ఎంతటిదో లెక్కల్లో చెబితే తెలుస్తుంది. మన ఊళ్లలో ఆవుకు వేసే స్ట్రా 0.25 మిల్లీలీటర్లది. అందులో దాదాపు 2 కోట్ల వీర్యకణాలు ఉంటాయి, ఆ ఒక్క స్ట్రాయే ఒక మోతాదు. గుర్రానికి 0.5 మిల్లీలీటర్ల స్ట్రాలు వాడతారు, ఒక మోతాదుకు సాధారణంగా ఎనిమిది స్ట్రాలు కావాలి. స్ట్రాకు 10 కోట్ల చొప్పున మొత్తం 80 కోట్ల కణాలు నింపితే, కరిగించాక వాటిలో నూటికి 35 ముందుకు ఈదుతూ పోగలిగినా మిగిలేవి 28 కోట్లు మాత్రమే. కనీసం 25 కోట్ల చురుకైన కణాలు లేని మోతాదును యూరప్‌లోని క్రీడాగుర్రాల పెంపకందారులు మోతాదుగా లెక్కించరు.

ఇన్ని కణాలు ఎందుకు వృథా అవుతాయన్నది తర్వాతి సందేహం. గుర్రం వీర్యకణాన్ని చుట్టి ఉండే పొర ఆబోతు కణపు పొరకన్నా చలికి త్వరగా దెబ్బతింటుంది. దాదాపు 20 డిగ్రీల నుంచి 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగే దశలోనే, అంటే గడ్డకట్టడం ఇంకా మొదలుకాకముందే, తొందరపడి చల్లార్చితే ఆ పొర చెడిపోతుంది. ఇంకో కారణం మనుషులది. ఆబోతులను తరతరాలుగా సంతానశక్తి, వీర్యం నాణ్యత చూసి ఎంపిక చేస్తున్నారు, వీర్యం నిల్వకు ఆగని ఆబోతు కేంద్రంలోనే ఉండదు. గుర్రాన్ని మాత్రం పరుగు, నడక, అందం చూసి ఎంచుకుంటాం. అలా ఎంచిన గుర్రాలలో కొన్నింటి వీర్యం గడ్డకట్టడానికి బాగా తట్టుకుంటుంది, కొన్నింటిది ఓ మోస్తరుగా తట్టుకుంటుంది, కొన్నింటిది ఎవరు ఎంత జాగ్రత్తగా చేసినా తట్టుకోదు. దాటించినప్పుడల్లా చూడి కట్టించే గుర్రం వీర్యం కూడా కరిగించాక నిర్జీవంగా కనబడవచ్చు, ఆ సంగతి గుర్రాన్ని చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

పని జరిగే తీరు కూడా తెలుసుకోండి. ఎదలో ఉన్న ఆడగుర్రం ఎదుట గానీ, దాని వాసన చూపించి కొయ్య బొమ్మ మీదకు గానీ మగగుర్రాన్ని ఎక్కించి, లోపలి వేడి సుమారు 44 నుంచి 48 డిగ్రీలు ఉండేలా వేడినీళ్లు నింపిన కృత్రిమ యోనిలోకి వీర్యాన్ని సేకరిస్తారు. జిగురు భాగాన్ని వడపోసి, మిగిలిన వీర్యాన్ని పాలు, గ్లూకోజు కలిసిన ద్రావణంతో పలుచన చేసి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా తిప్పి, కణాలు అడుగున చేరిన తర్వాత పైనున్న వీర్యద్రవాన్ని చాలామట్టుకు తీసేస్తారు. ఆ ద్రవం కణాలతోపాటు నిల్వ ఉంటే మేలుకన్నా కీడు ఎక్కువ. ఆ తర్వాత గుడ్డుసొన, పాలు, చక్కెరలు, గ్లిసరాల్ కలిసిన ద్రావణంలో కణాలను కలిపి స్ట్రాలలో నింపి, చల్లార్చి, ద్రవ నత్రజని మట్టానికి మూడు నాలుగు సెంటీమీటర్ల పైన ఆవిరిలో సుమారు పది నిమిషాలు ఉంచి, చివరకు మైనస్ 196 డిగ్రీల ద్రవంలో ముంచుతారు. గ్లిసరాల్ వీర్యకణాలను గడ్డకట్టే హాని నుంచి కాపాడుతుందని 1949లో బ్రిటన్‌లో బయటపడింది. దాని తర్వాతే ఈ విద్య పెరిగింది. కానీ అదే గ్లిసరాల్ మోతాదు మించితే గుర్రం కణాలకు విషంతో సమానం. అందుకే ఆబోతు వీర్యంలో కలిపేదానికన్నా ఇక్కడ తక్కువ కలుపుతారు, అదికూడా సరిపడని గుర్రాలకు మిథైల్ ఫార్మమైడ్ వంటివి వాడి చూస్తారు.

ఇక మీ గుర్రం సంగతి. పద్నాలుగేళ్ల వయసు మరీ ముసలితనమేమీ కాదు గానీ, వయసుతో వృషణాలు కుంచించుకుపోయే గుర్రాలు ఉన్నాయి కాబట్టి ముందుగా వృషణాల కొలత తీయించండి. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధనా కేంద్రానికి, ముఖ్యంగా బికనీర్‌లో ఉన్న దాని శాఖకు రాయండి. భారత వ్యవసాయ పరిశోధనా మండలి కింద 1985లో ఏర్పడిన ఈ కేంద్రం మార్వాడీ, జన్‌స్కారీ వంటి దేశవాళీ జాతుల వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వ చేసింది. 2023 మే నెలలో అక్కడే మార్వాడీ పిండాన్ని అద్దె తల్లిలోకి మార్చి పుట్టించిన పిల్లకు రాజ్-ప్రథమ అని పేరు పెట్టారు.

ఎక్కడ చేయించినా, స్ట్రాలు దాచే ద్రవ నత్రజని కంటైనర్ కొనకముందే ఒకసారి పరీక్షకోసం మాత్రమే కొద్ది స్ట్రాలు గడ్డకట్టించి, కరిగించి చూడమని అడగండి. ఆ ఫలితం చేతికి వచ్చేదాకా మిగతా ఖర్చులేవీ పెట్టవద్దని నా సలహా. వీర్యకణం తయారై బయటికి రావడానికి రమారమి రెండు నెలలు పడుతుంది. కాబట్టి గుర్రానికి జ్వరం వచ్చినా, ఎండదెబ్బ తగిలినా ఆ ప్రభావం రెండు నెలలపాటు వీర్యంలో కనిపిస్తుంది. మన ప్రాంతంలో మే నెల ఎండల్లో సేకరించి చూసి, ఈ గుర్రం పనికిరాదని తీర్పు చెప్పడం అన్యాయం. డిసెంబరు, జనవరి నెలలు మేలు. గడ్డకట్టించే రోజుకు ముందు వారంపాటు రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ వీర్యం తీసి, పాతబడి పేరుకున్న కణాలను ఖాళీ చేయించడం కూడా మంచి అలవాటు.

ప్రశ్న: మలక్‌పేట రేసుల్లో పరుగెత్తి విరమించిన థరోబ్రెడ్ జాతి మగగుర్రాన్ని కొన్నాను. దాని వీర్యాన్ని స్ట్రాలుగా నిల్వచేసి రేసు గుర్రాల పెంపకందారులకు అమ్మవచ్చా?
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అమ్మలేరు. థరోబ్రెడ్ పిల్లగా నమోదు కావాలంటే, మగగుర్రం ఆడగుర్రాన్ని సహజంగా దాటడం వల్లనే అది పుట్టి ఉండాలన్న నియమాన్ని ప్రపంచమంతటా పాటిస్తారు. మన దేశంలో థరోబ్రెడ్‌ల వంశావళి పుస్తకాన్ని నిర్వహించే పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా కూడా దానికే కట్టుబడి ఉంది. స్ట్రా వల్ల పుట్టిన పిల్ల ఎంత వేగంగా పరుగెత్తినా థరోబ్రెడ్‌గా రేసులో నిలబడలేదు. స్వారీ కోసం సంకరజాతి గుర్రాలను పెంచేవారికి మీ స్ట్రాలు పనికిరావచ్చు, కానీ ఆ గిరాకీని చూసి ఖర్చులు పెట్టవలసినంత బేరం నాకు కనబడటం లేదు.

ప్రశ్న: వేరే రాష్ట్రం నుంచి ఎనిమిదేసి స్ట్రాల చొప్పున రెండు మోతాదులు తెప్పించి, మా ఆడగుర్రం ఎదకు వచ్చిన రెండో రోజున ఒకటి, తర్వాతి ఎదలో రెండో రోజున ఇంకొకటి వేయించాం. రెండుసార్లూ చూడి నిలవలేదు. అమ్మినవారిని అడిగితే మీ గుర్రంలోనే లోపం అంటున్నారు. తప్పు ఎవరిది?
— అనంతపురం జిల్లా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ గుర్రాన్ని గానీ అమ్మినవారిని గానీ తప్పుపట్టే ముందు "ఎదకు వచ్చిన రెండో రోజు" అన్న మాటనే అనుమానించాలి. ఆడగుర్రం ఎద సుమారు ఐదు నుంచి ఏడు రోజులు ఉంటుంది, అండం విడుదలయ్యేది ఆ ఎద ముగిసే వేళకు, అంటే చివరి ఒకటి రెండు రోజుల్లో. సహజంగా దాటించిన వీర్యం ఆడగుర్రం గర్భాశయ మార్గంలో రెండు మూడు రోజులు బతికి అండం కోసం ఎదురుచూడగలదు. గడ్డకట్టి కరిగిన వీర్యం ఆయుష్షు మాత్రం సగం రోజు, మహా అయితే ఒక రోజు. మీరు వేయించిన రెండో రోజున అండం ఇంకా మూడు నాలుగు రోజుల దూరంలో ఉండి ఉంటుంది, అది విడుదలయ్యేసరికి లోపల బతికున్న కణం ఒక్కటీ మిగిలి ఉండదు.

ఆవులో పొద్దున ఎద కనబడితే సాయంత్రం వేయించడం అనే సూత్రంతో నెగ్గుకొస్తాం. గుర్రంలో రోజులు లెక్కపెట్టి వేయడం గాలిలో రాయి విసిరినట్టే. ఇక్కడ అల్ట్రాసౌండ్ యంత్రం, దాన్ని చదవగల వైద్యుడు లేకుండా గడ్డకట్టిన వీర్యం జోలికి పోకూడదు. అండాశయంలో అండం ఉన్న బుడగ దాదాపు 35 మిల్లీమీటర్లకు పెరిగి, గర్భాశయం గోడలో ఎదకు తగిన వాపు కనిపించినప్పుడు, అండం త్వరగా విడుదలయ్యేలా హెచ్‌సీజీ గానీ డెస్లోరెలిన్ గానీ సూదిమందు ఇస్తారు. ఆ మందు పనిచేస్తే ఇంచుమించు ఒకటిన్నర రోజు గడిచాక అండం విడుదలవుతుంది. ఒకే మోతాదు చేతిలో ఉంటే, సూదివేసిన మర్నాటి నుంచి ఆరేసి గంటలకు ఒకసారి స్కాన్ చేస్తూ, అండం విడుదలైందని తేలిన వెంటనే, ఆరు గంటలు మించకుండా, ఆ వీర్యాన్ని వేయాలి. రాత్రివేళ ఇన్నిసార్లు రాగల వైద్యుడు దొరకనివారు మోతాదును రెండుగా చీల్చి, సూది తర్వాత 24 గంటలకు నాలుగు స్ట్రాలు, 40 గంటలకు నాలుగు స్ట్రాలు వేయించే పద్ధతిని పాటించవచ్చు. వీర్యాన్ని గర్భాశయం ముఖద్వారంలో వదిలేయకుండా, అండం విడుదలైన వైపు గర్భాశయపు కొమ్ము చివరిదాకా పొడవాటి వంగే గొట్టంతో చేర్చడం ఇప్పుడు వాడుకలోకి వచ్చిన పద్ధతి.

స్ట్రాలను కరిగించేటప్పుడు 37 డిగ్రీల నీటిలో కనీసం 30 సెకన్లు ఉంచాలి, నీటి వేడిని థర్మామీటరుతో కొలవాలి గానీ చెయ్యి ముంచి అంచనా వేయకూడదు. బయటికి తీసిన స్ట్రాను ఒక్క నీటిచుక్క లేకుండా తుడిచి కత్తిరించాలి. మామూలు నీరు తగిలిన వీర్యకణం అక్కడికక్కడే ఉబ్బి చచ్చిపోతుంది. ఇవి చిన్న సంగతులే గానీ, చూడి కట్టలేదని నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదులలో ఇలాంటి చిన్న సంగతులు దొరికినన్నిసార్లు పెద్ద రోగాలు దొరకలేదు.

ఇంకొక విషయం. గడ్డకట్టిన వీర్యం వేసిన తర్వాత ఆడగుర్రం గర్భాశయంలో కొంత వాపు, ద్రవం చేరడం సహజం. ఆరోగ్యంగా ఉన్న చిన్నవయసు గుర్రం దాన్ని ఒకటి రెండు రోజుల్లో తానే బయటకు పంపేస్తుంది. వయసు మళ్లినవి, మునుపు కొన్నిసార్లు ఈనినవి పంపలేవు, ఆ ద్రవం నిలిచిపోతే అండం ఫలించినా పిండం బతకదు. కాబట్టి వేసిన మర్నాడు ఒకసారి స్కాన్ చేయించి, ద్రవం కనిపిస్తే ఆక్సిటోసిన్ సూదితోనో, సెలైన్‌తో గర్భాశయం కడిగించో శుభ్రం చేయించాలి. మీ గుర్రం వయసెంతో, అది ఇదివరకు ఎన్నిసార్లు ఈనిందో ఉత్తరంలో రాయలేదు. వయసుదే అయితే ఈసారి వేయించకముందే గర్భాశయం నుంచి నమూనా తీసి పరీక్ష చేయించండి.

అమ్మినవారి వంతు కూడా లేకపోలేదు. గుర్రం పేరు, గడ్డకట్టిన తేదీ, స్ట్రాలో కణాల సంఖ్య, కరిగించాక ఎంత శాతం చురుకుగా ఉన్నాయన్నది రాసి ఇచ్చారా? ఆ కాగితం లేకుండా స్ట్రాలు కొనవద్దు. మిగిలిన స్ట్రా ఏదైనా ఉంటే దాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షింపజేస్తే వారి మాటలో నిజమెంతో తేలిపోతుంది. అన్నీ సరిగ్గా కుదిరినా, ఒక ఎదలో చూడి కట్టే అవకాశం నూటికి 30 నుంచి 50 మధ్యనే ఉంటుందని ముందే తెలిసి ఉంటే మీకు ఇంత బాధ కలిగేది కాదేమో. వేసిన పద్నాలుగు, పదహారు రోజుల మధ్య మొదటి స్కాన్ చేయించండి. కవలలు కనిపిస్తే వైద్యుడు ఒక పిండాన్ని తొలగించగలిగే సమయం అదే, గుర్రానికి కవలలు చూడి నిలిచి క్షేమంగా ఈనడం చాలా అరుదు.

ప్రశ్న: నేను గోపాలమిత్రను, అంటే ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్తను. నా దగ్గర ఆవుల స్ట్రాలు ఉంచే ద్రవ నత్రజని కంటైనర్ ఉంది. మా ఊరి పెద్దాయన తన గుర్రపు స్ట్రాలను అందులోనే పెట్టమంటున్నారు. పెట్టవచ్చా, ఎంతకాలం ఉంటాయి?
— జగిత్యాల జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: పెట్టవచ్చు. మైనస్ 196 డిగ్రీల వద్ద ద్రవంలో మునిగి ఉన్నంతకాలం స్ట్రాకు కాలం ఆగిపోయినట్టే, దశాబ్దాలు దాటినా చెడదు. అయితే మీ కంటైనర్ రోజూ మూత తీసి వాడేది. స్ట్రాలున్న గాబ్లెట్‌ను (చిన్న గిన్నెను) కంటైనర్ మెడదాకా ఎత్తి వెతికే ప్రతిసారీ ఆవుల స్ట్రాలతోపాటు గుర్రానివి కూడా వేడెక్కుతాయి. మైనస్ 130 డిగ్రీలకు పైన మంచు స్ఫటికాలు మళ్లీ పెరగడం మొదలుపెట్టి కణాలను చీల్చుతాయి, తిరిగి ముంచితే ఆ నష్టం పూడదు. మీ ఆవుల స్ట్రాలు నెలలో అయిపోయి కొత్తవి వస్తాయి కాబట్టి ఈ నష్టం మీ కంట పడదు, ఆ పెద్దాయన స్ట్రాలు అక్కడే ఏళ్లతరబడి ఉంటాయి. అందుకని వాటిని వేరే కెనిస్టర్‌లో (కంటైనర్ లోపలి డబ్బాలో), రంగు గుర్తుతో, అడుగున ఉంచండి, వాటిని ఎత్తే అవసరం రానీయకండి. ఇంకా మంచిది ఆయన్నే వేరే చిన్న కంటైనర్ కొనుక్కోమనడం.

మట్టాన్ని వారానికొకసారి కొలకర్రతో చూడండి. మీకు తెలియని విషయం కాదు గానీ మరోసారి చెబుతున్నాను: ద్రవ నత్రజని ఆవిరైతే గదిలోని ప్రాణవాయువును నెట్టేస్తుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. కంటైనర్‌ను కిటికీలు మూసిన గదిలో గానీ, అద్దాలు బిగించిన కారులో గానీ ఉంచి ప్రయాణించడం ప్రాణాల మీదకు తెస్తుంది. ఆవులకు వేసే పరిజ్ఞానంతో ఆ గుర్రానికి మీరే వీర్యం వేయడానికి మాత్రం ఒప్పుకోవద్దు. కారణాలు పైన అనంతపురం పాఠకురాలికి ఇచ్చిన జవాబులో ఉన్నాయి.

ప్రశ్న: అమెరికాలో మాకు 2016లో పుట్టిన క్వార్టర్ హార్స్ జాతి మగగుర్రం ఉంది. దాని స్ట్రాలు నిల్వ చేయించాం. గుర్రం పోయిన తర్వాత కూడా వాటిని వాడుకోవచ్చా? కొన్ని స్ట్రాలను మొయినాబాద్‌లో గుర్రాలు పెంచుతున్న మా తమ్ముడికి పంపాలనుకుంటున్నాం.
— డల్లాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్ట్రాలకు ఆయుష్షు ఉంటుంది గానీ కాగితాలకు ఉండదు. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ నియమం ప్రకారం 2015లో గానీ ఆ తర్వాత గానీ పుట్టిన మగగుర్రం చనిపోయినా, దాని వృషణాలు తీసేసినా, ఆ తర్వాత రెండేళ్లలోపు వాడిన వీర్యంతో పుట్టిన పిల్లలనే నమోదు చేస్తారు. ఒకే పేరున్న గుర్రం వీర్యం దశాబ్దాలపాటు తిరిగితే జాతి మొత్తం ఒకే రక్తంతో నిండిపోతుందన్న భయం దీని వెనుక ఉంది. గడువు ఏ తేదీ నుంచి లెక్కకు వస్తుందో అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

భారతదేశానికి పంపాలంటే కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి ముందుగా పొందాలి. ఈ అనుమతుల వెనుక ఉన్నది కాగితాల మీద ప్రేమ కాదు. గుర్రాలలో ధమనుల వాపు కలిగించే వైరస్ కొన్ని మగగుర్రాల వీర్యంలో ఏళ్లతరబడి దాగి ఉంటుంది, పైకి గుర్రం నిక్షేపంగా కనిపిస్తుంది, మైనస్ 196 డిగ్రీల చలి వీర్యకణంతోపాటు ఆ వైరస్‌నూ భద్రంగా కాపాడుతుంది. అంటుగర్భాశయ శోథను కలిగించే సూక్ష్మజీవి సంగతీ అంతే. కాబట్టి సేకరించినప్పుడే ఈ రెండింటికీ, అంటు రక్తహీనతకు పరీక్షలు చేయించి ఉండాలి, గడ్డకట్టించిన తర్వాత గుర్తుకొస్తే కొన్ని పరీక్షలకు సమయం మించిపోతుంది. రవాణాకు ద్రవాన్ని లోపలి పొరలోకి పీల్చుకుని ఒలకనివ్వని డ్రై షిప్పర్ వాడతారు. సరిగా నింపితే వారం, పది రోజులు చలి నిలుస్తుంది. మొయినాబాద్‌లో దిగగానే నింపుకోవడానికి నిండు కంటైనర్‌తో మీ తమ్ముడు సిద్ధంగా ఉండాలి.

ప్రశ్న: కడుపునొప్పితో మా మగగుర్రం బతకడం కష్టమని డాక్టరు గారు చెబుతున్నారు. వీర్యం తీసే వేళ దాటిపోయింది. ఇంక ఏమీ చేయలేమా?
— ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ ఉత్తరం మీకు అచ్చులో జవాబు చేరేలోగా పాతబడుతుందని తెలిసి ఇదివరకే ఫోనులో చెప్పాను. మరొకరికి అవసరపడుతుందని ఇక్కడ రాస్తున్నాను. చనిపోయిన వెంటనే వృషణాలను వాటికి అంటుకుని ఉండే ఎపిడిడిమిస్ నాళంతో సహా తీయిస్తే, ఆ నాళం చివరి భాగంలో పక్వమైన కణాలు దాదాపు ఒక రోజు వరకు బతికి ఉంటాయి. గడ్డకట్టిన వీర్యంతో పుట్టిన మొదటి గుర్రపు పిల్ల కూడా ఇలా నాళం నుంచి తీసిన కణాలతోనే పుట్టింది, ఆ సంగతిని 1957లో కెనడా పశువైద్యులు ప్రచురించారు. ఈ విధంగా మహా అయితే కొద్ది మోతాదులే దొరుకుతాయి. వాటిని ఎనిమిదేసి స్ట్రాల చొప్పున ఖర్చుచేయకుండా దాచుకుంటే, ఒకే వీర్యకణాన్ని అండంలోకి సూదితో చేర్చే ఇక్సీ పద్ధతికి స్ట్రాలో చిన్న ముక్క చాలు, ఇటలీ, బెల్జియం దేశాలలో గుర్రాలకు ఈ పని వాణిజ్యపరంగానే జరుగుతోంది.

ప్రయోగశాల దూరంగా ఉన్నప్పుడు నాళాన్ని మీరు కోయవద్దు. రక్తనాళాలు ముడివేసి, శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాని చుట్టూ గుడ్డ గానీ వార్తాపత్రిక గానీ చుట్టి, మంచుముక్కలున్న థర్మోకోల్ పెట్టెలో సుమారు 5 డిగ్రీల వద్ద ఉంచి అదే రోజు పంపండి. మంచుగడ్డ వృషణాలకు నేరుగా తగిలితే నాళంలోని కణాలు అక్కడే గడ్డకట్టి చస్తాయి.